అత్తమ్మకు గర్భసంచి జారింది, ఆరేళ్లుగా దాచుకుంది. ఇప్పుడేం చేయాలి?

తంగేడు (నర్సంపేట దగ్గర) | ఆగస్టు 3, రాత్రి 10:15

అక్కలందరికీ నమస్తే. ఎవరిని అడగాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను.

మా బాబుకు ఐదో నెల. పురుటికి అమ్మవాళ్లింటికి పోయి, పోయిన వారమే అత్తగారింటికి వచ్చాను. మా దొడ్లో దండెం మీద రోజూ ఒక పెద్ద తువ్వాల ఆరేసి ఉంటుంది. ఎండకు పెళపెళలాడుతున్నా అత్తమ్మ దాన్ని తీయదు, ఎవరినీ తీయనివ్వదు. మొన్న వాన వస్తోందని నేనే ఉరికి తీశాను. దాని కింద పాత చీర ముక్కలు నాలుగు ఉన్నాయి, మడత పెట్టి దారంతో కుట్టినవి. ఒకదాని మీద ఉతికినా పోని పసుపు మరక.

ముట్టు నిలిచి పదేళ్లయింది కదా, గుడ్డలెందుకని అడిగితే కసిరింది. రాత్రి బాబును పడుకోబెట్టాక తనే వచ్చి నా మంచం పక్కన కూర్చుంది. గర్భసంచి జారి బయటికి వస్తోందట. పొద్దున లేచేసరికి ఏమీ ఉండదు, నాట్లకు పోయి వచ్చేసరికి నిమ్మకాయంత బయట ఉంటుందట. చేత్తో లోపలికి తోసుకుని, ఆ గుడ్డను గోచీలా బిగించి కట్టుకుని మళ్లీ పనికి పోతుంది. ఇట్లా ఆరేళ్లు. మామయ్యకు కూడా తెలియదు. "బర్రెకు మెయ్య దిగినట్టు దిగింది బిడ్డా, గిది ఎవలికి చెప్పుకునేది" అన్నది. నాకు ఏడుపాగలేదు.

అత్తమ్మకు 58 ఏళ్లు. నాలుగు కాన్పులూ ఇంట్లోనే, మంత్రసాని చేతుల మీదే. షుగర్ ఉంది. మా ఊరి ఆర్‌ఎంపీ "గర్భసంచి తీసేయాల్సిందే, వేరే దారి లేదు" అంటున్నాడు. నిజంగా వేరే దారి లేదా? ఇంకో మాట. దగ్గినప్పుడు నాకు కూడా రెండు చుక్కలు మూత్రం పడుతోంది. నాకూ అట్లే అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

---

గునుగు (జమ్మికుంట) | ఆగస్టు 3, రాత్రి 11:02

చెల్లె, మీ అత్తమ్మ చెప్పుకుంది అంటేనే సగం పని అయినట్టు. నేను మా ఆయనకు చెప్పడానికి ఏడాదిన్నర పట్టింది, అదీ చదువుకున్న దాన్ని. సిగ్గు అని కాదు, అది ఏదో క్యాన్సర్ గడ్డ అనుకుని భయపడ్డా. చూపించుకుంటే తెలుస్తుందని ఆసుపత్రికి పోలేదు. నా సంగతి రేపు వివరంగా రాస్తా, పాప లేచింది.

---

మానేరు (స్టాఫ్ నర్సు, కరీంనగర్ వైపు) | ఆగస్టు 4, ఉదయం 6:20

తంగేడు, నైట్ డ్యూటీ దిగి నీ పోస్టు చూశాను. ప్రసూతి వార్డులో పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. మీ అత్తమ్మలాంటి వాళ్లను ఎంతమందిని చూశానో లెక్కలేదు. అందరూ గుడ్డ కట్టుకునే వస్తారు.

ముందు జరిగేదేమిటో చెప్తాను. మన కటి ఎముకల మధ్య కింది వైపు కండరాలు ఊయలలాగా పరుచుకుని ఉంటాయి. మూత్రసంచి, గర్భసంచి, మలద్వారం వైపు పేగు, మూడూ ఆ ఊయల ఆసరాతోనే నిలబడతాయి. పక్కల నుంచి తాళ్లలాంటి బంధకాలు పట్టుకుని ఉంటాయి. కాన్పులో బిడ్డ తల దిగేటప్పుడు ఇవన్నీ బాగా సాగుతాయి. నెమ్మదిగా మళ్లీ బిగుసుకుంటాయి, కానీ దానికి టైమ్ కావాలి. ఆ టైమ్ ఇవ్వకుండా పచ్చి ఒంటితో నీళ్ల బిందెలు, గడ్డి మోపులు ఎత్తితే సాగినవి సాగినట్టే ఉండిపోతాయి. ముట్టు నిలిచాక ఈస్ట్రోజన్ హార్మోన్ తగ్గి ఆ కండరాలు ఇంకా పలచబడతాయి. అందుకే ఇరవైల్లో జరిగిన దెబ్బ యాభైల్లో బయటపడుతుంది.

జారడంలో నాలుగు దశలు ఉంటాయి. మొదటి రెండింట్లో లోపలే, లేదా ద్వారం దాకా దిగి ఉంటుంది. మూడో దశలో బయటికి కనిపిస్తుంది. నాలుగోది పూర్తిగా బయటే. మీ అత్తమ్మది వింటుంటే మూడోదిలా ఉంది, కానీ చూడకుండా చెప్పకూడదు.

ఆ పసుపు మరక సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. బయటికి వచ్చిన భాగం గుడ్డకు రాసుకుని రాసుకుని పుండు పడుతుంది. షుగర్ ఉన్నవాళ్లకు మానడం ఆలస్యం. ముట్టు నిలిచాక రక్తం మరక కనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగకుండా చూపించాలి. మూత్రం బంద్ అయినా అంతే.

ఇక నీ సంగతి. కాన్పయిన ఐదో నెలలో దగ్గితే చుక్కలు పడటం చాలామందికి ఉండేదే. అట్లాగని వదిలేసేది కాదు. ఇప్పుడు నువ్వు చేసుకునే వ్యాయామమే రేపు నిన్ను కాపాడుతుంది. దాని గురించి తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నారు, రాస్తారు.

---

పత్తి చేను (పరకాల) | ఆగస్టు 4, మధ్యాహ్నం 2:40

తంగేడూ, ఆర్‌ఎంపీ మాట మీద ఏ ప్రైవేటు ఆసుపత్రికీ పోవద్దు. దండం పెట్టి చెప్తున్నా.

నాకు 29 ఏళ్లకే గర్భసంచి తీశారు. నాకు జారలేదు కూడా. తెల్లబట్ట అవుతోంది, నడుము నొప్పి అని పోతే, స్కానింగ్ చేసి "పుండు ఉంది, ఉంచుకుంటే క్యాన్సర్ అవుతుంది" అన్నారు. పిల్లలు ఇద్దరు ఉన్నారు కదా, ఇంకెందుకు అన్నారు. ఆ ఏడు పత్తి అమ్మిన డబ్బులన్నీ అక్కడే కట్టి వచ్చాం. ఇప్పుడు 43. అండాశయాలు కూడా తీసేశారని చాలా ఏళ్ల తర్వాత వేరే డాక్టర్ కాగితాలు చూసి చెబితేనే తెలిసింది. ముప్పై దాటకముందే వేడి ఆవిర్లు, మోకాళ్ల నొప్పులు మొదలయ్యాయి. నా తెల్లబట్టకు వారం రోజుల మాత్రలు సరిపోయేవని ఆ డాక్టరే అన్నది.

ఇప్పుడు ఇంకో కష్టం. గర్భసంచి లేకపోయినా పై భాగం కిందికి జారుతోంది. సంచి తీసేస్తే జారే బాధే ఉండదని అనుకునే వాళ్ల కోసం ఇది రాస్తున్నా.

---

మానేరు | ఆగస్టు 4, సాయంత్రం 5:05

అక్కా, మీరు చెప్పింది అక్షరాలా నిజం. గర్భసంచి తీశాక యోని పైకప్పు జారడం అనేది ఉంది, దానికీ చికిత్స ఉంది. మీరు తప్పకుండా చూపించుకోండి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్ర, తెలంగాణ ముందున్నాయి. అనవసరంగా తీయకుండా కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది. 40 ఏళ్లలోపు వాళ్లకు ఎవరైనా తీసేద్దాం అంటే, కాగితం మీద కారణం రాయించుకుని ఇంకో గైనకాలజిస్టుకు చూపించండి. మొహమాటపడకండి, అది మీ హక్కు.

అయితే జారిన వాళ్లందరికీ ఆపరేషన్ తప్పు అని కూడా నేను అనను. పూర్తిగా బయటికి వచ్చి, పుండు పడి, మూత్రం సరిగా పోక బాధపడే పెద్దవాళ్లకు కింది నుంచి గర్భసంచి తీసి, కండరాలు బిగించి కుట్టే ఆపరేషన్ ప్రాణం లేచి వచ్చినట్టు చేస్తుంది. పిల్లలు కావాలనుకునే చిన్న వయసు వాళ్లకు గర్భసంచిని ఉంచే, పైకి లాగి కట్టే ఆపరేషన్లు ఉన్నాయి. వాటిలో పేరున్న పద్ధతులు మన దేశం డాక్టర్లవే, బొంబాయికి చెందిన షిరోద్కర్, పురందరే పేర్ల మీదే ఈనాటికీ పిలుస్తారు.

---

నిర్వాహకులు | ఆగస్టు 4, సాయంత్రం 6:30

అందరూ మనసు విప్పి రాస్తున్నందుకు సంతోషం. ఆసుపత్రుల మీద ఫిర్యాదు రాసేటప్పుడు పేర్లు వద్దు. ఫోటోలు అస్సలు పెట్టవద్దు.

---

గునుగు | ఆగస్టు 4, రాత్రి 9:48

నిన్న మధ్యలో ఆపాను. నాకు 36. మొదటి బాబుకు, పాపకు మధ్య పదిహేను నెలలే తేడా. పాప కాన్పు సాధారణమే, కానీ నొప్పులు పూర్తిగా రాకముందే "ముక్కు, ముక్కు" అని అరిచారు, ఒకామె మంచమెక్కి పొట్ట మీద రెండు చేతులతో నొక్కింది. ఆ నొప్పి ఇంకా గుర్తుంది. ఇంటికొచ్చిన ఇరవయ్యో రోజున వడ్లు ఆరబోసి ఉన్నాయి, మబ్బు పట్టింది. ఇంట్లో ఎవరూ లేరు. ఐదు బస్తాలు నేనే ఎత్తి లోపల పెట్టా. ఆ రాత్రి నుంచే కింద బరువుగా, ఏదో జారిపోతున్నట్టు ఉండేది. సాయంత్రానికి ఎక్కువ, పడుకుంటే నెమ్మది. మూత్రం పోసుకుని లేచినా ఇంకా ఉన్నట్టే అనిపించేది.

రెండో దశ అన్నారు. నాకు రింగు పెట్టారు. సిలికాన్‌ది, గాజు లాగా గుండ్రంగా, మెత్తగా ఉంటుంది, నొక్కితే మడత పడుతుంది. లోపలికి పోయాక విచ్చుకుని గర్భసంచికి ఆసరాగా నిలుస్తుంది. కొలత సరిపోతే ఉన్నట్టే తెలియదు. దగ్గమన్నారు, గొంతుక్కూర్చోమన్నారు, మూత్రం పోసుకుని రమ్మన్నారు, జారలేదు కాబట్టి ఇంటికి పంపారు. తీసి కడిగి మళ్లీ పెట్టుకోవడం నేర్పారు. నాకు మొదటిసారి చేతులు వణికాయి, ఇప్పుడు కమ్మలు తీసి పెట్టుకున్నంత తేలిక. సొంతంగా తీయలేని పెద్దవాళ్లయితే మూడు నుంచి ఆరు నెలలకోసారి ఆసుపత్రికి పోయి కడిగించుకోవాలి. పెట్టుకుని మర్చిపోవడం మాత్రం చేయొద్దు. వాసన వచ్చినా, రక్తం కనిపించినా వెంటనే పోవాలి.

రింగుతో పాటు వ్యాయామం కూడా చేశా. ఇప్పుడు దగ్గితే చుక్క కూడా పడదు.

---

వేయి స్తంభాలు (ఫిజియోథెరపిస్టు, హనుమకొండ) | ఆగస్టు 5, ఉదయం 7:10

మానేరు గారు వ్యాయామం సంగతి ఎత్తారు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. పది మందిలో ఎక్కువ మంది దీన్ని తప్పుగా చేసి "పనిచేయలేదు" అంటారు.

దీన్ని కీగల్ వ్యాయామం అంటారు. 1948లో ఆర్నాల్డ్ కీగల్ అనే అమెరికా గైనకాలజిస్టు దీన్ని వివరించాడు. నలుగురిలో ఉన్నప్పుడు గ్యాస్ బయటికి రాకుండా ఎట్లా బిగబడతామో, అదే కండరం. దాన్ని బిగించి, లోపలికి, పైకి లాగినట్టు పట్టాలి. ఐదు అంకెలు లెక్కపెట్టి వదలాలి. వదిలాక మళ్లీ ఐదు అంకెలు విశ్రాంతి. ఇట్లా పది సార్లు, రోజుకు మూడు పూటలు. అలవాటయ్యాక పది అంకెల దాకా పెంచవచ్చు. ఊపిరి బిగబట్టకూడదు. పిర్రలు, తొడలు, పొట్ట బిగుసుకుంటున్నాయంటే తప్పు చేస్తున్నట్టే. పొట్ట మీద చెయ్యి వేసుకుని చూసుకోండి, చెయ్యి కదలకూడదు. మూత్రం పోసేటప్పుడు మధ్యలో ఆపుతూ రోజూ చేయడం మంచిది కాదు.

మొదట్లో పడుకుని చేయండి, తర్వాత కూర్చుని, ఆ తర్వాత నిలబడి. మూడు నాలుగు నెలలు వదలకుండా చేస్తేనే తేడా తెలుస్తుంది. తంగేడు గారు, మీరు బాబుకు పాలిచ్చే ప్రతిసారీ చేయండి, గుర్తుపెట్టుకునే పని ఉండదు. ఇంకో చిట్కా: దగ్గు, తుమ్ము వచ్చే ముందు, బరువు ఎత్తే ముందు ఆ కండరాన్ని ఒక్కసారి బిగించండి. వారం చేస్తే అలవాటైపోతుంది.

పూర్తిగా బయటికి వచ్చిన దాన్ని వ్యాయామం ఒక్కటే లోపలికి పంపలేదు. మొదటి రెండు దశల్లో దీని బలం ఎక్కువ. అందుకే తొందరగా తెలుసుకోవడం ముఖ్యం.

బరువు సంగతి. కాన్పయ్యాక ఆరు వారాలు బిడ్డ కంటే బరువైంది ఎత్తవద్దు. ఆ తర్వాత ఎత్తక తప్పకపోతే నడుము వంచి కాకుండా మోకాళ్లు వంచి, బరువును పొట్టకు దగ్గరగా పట్టుకుని, ఊపిరి వదులుతూ లేవండి. బాలింతకు పొట్ట తగ్గాలని చీరతో ఊపిరాడకుండా బిగించి కట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. పైన బిగిస్తే ఒత్తిడంతా కిందికే పోతుంది. నడుముకు ఆసరాగా ఉండేంత వదులుగా చాలు.

---

దర్రీ మగ్గం (కొత్తవాడ, వరంగల్) | ఆగస్టు 5, మధ్యాహ్నం 12:30

నావి రెండూ సిజేరియన్లే. నాకు ఈ భయం లేనట్టేనా?

---

మానేరు | ఆగస్టు 5, మధ్యాహ్నం 3:15

ముప్పు తగ్గుతుంది, పూర్తిగా పోదు. తొమ్మిది నెలలు మోసిన బరువు ఆ కండరాల మీదే కదా. నిన్న నేను చెప్పిన సర్వేలో తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే, దేశంలో మనమే మొదటి స్థానం. జారకుండా ఉండటానికని కోత పెట్టించుకోవడం మాత్రం సరైన లెక్క కాదు, దాని కష్టాలు దానికున్నాయి.

మగ్గం మీద పని అంటున్నారు కాబట్టి ఒకటి అడుగుతాను. దుమ్ముకు దగ్గు వస్తుందా? మలబద్ధకం ఉందా? ఏళ్ల తరబడి దగ్గడం, దొడ్డికి పోయినప్పుడు గట్టిగా ముక్కడం, రెండూ బిందెలు మోసినంత చెరుపు చేస్తాయి. జగిత్యాల, సిరిసిల్ల వైపు నుంచి వచ్చే బీడీల అక్కలకు ఈ రెండూ ఉంటాయి, ఒకే చోట గంటలు గంటలు కూర్చుంటారు, నీళ్లు తక్కువ తాగుతారు. పని మధ్యలో మూత్రానికి లేవాల్సి వస్తుందని నీళ్లే మానేస్తారు. జొన్న రొట్టె, ఆకుకూరలు, నీళ్లు, ఇవే మందు. దగ్గు రెండు వారాలు దాటితే గళ్ల పరీక్ష చేయించుకోండి.

---

బొగ్గు బాయి (భూపాలపల్లి) | ఆగస్టు 6, రాత్రి 8:55

అక్కలారా, నేను మగవాణ్ని, ఇక్కడ రాయొచ్చో లేదో తెలియదు. తప్పయితే తీసేయండి. మా అమ్మ ములుగు దగ్గర మా ఊళ్లో ఒక్కతే ఉంటుంది. 62 ఏళ్లు. రెండేళ్ల నుంచి మా ఇంటికి రమ్మంటే రాదు, పెళ్లికి కూడా బస్సు ఎక్కదు. కూర్చుంటే ఒక పక్కకు ఒరిగి కూర్చుంటుంది. నడుము నొప్పి అంటుంది. తంగేడు గారు రాసిన దండెం సంగతి చదివాక నాకు మా అమ్మ దొడ్డి గుర్తొచ్చింది. కొడుకును, నేనెట్లా అడగను?

---

పత్తి చేను | ఆగస్టు 6, రాత్రి 9:20

తమ్మీ, తప్పేం లేదు. నీలాంటి కొడుకులు నలుగురుంటే చాలు. నువ్వు అడగకు, నీ అక్కనో చెల్లెనో అడగమను. లేకపోతే ఊళ్లో ఆశా కార్యకర్తకు ఫోన్ చెయ్యి. "నీకేమైంది" అని అడిగితే ఏం లేదంటుంది. "కిందికి ఏమైనా వచ్చినట్టు ఉంటుందా, దొడ్డికి పోయేటప్పుడు చేత్తో నొక్కుకోవాల్సి వస్తుందా" అని సూటిగా అడగమను. అట్లా అడిగితే "నీకెట్ల తెలుసు?" అంటారు.

---

మానేరు | ఆగస్టు 7, ఉదయం 6:40

పత్తి చేను అక్క అడిగిన పద్ధతే మేం ఓపీలో అడిగే పద్ధతి.

ఎక్కడికి పోవాలని ఇద్దరు విడిగా అడిగారు. 2023 మార్చి 8న మొదలైన ఆరోగ్య మహిళ కార్యక్రమంలో ఎంపిక చేసిన ఆరోగ్య కేంద్రాల్లో మంగళవారాలు ఆడవాళ్ల పరీక్షలకే కేటాయించారు. మీ దగ్గరి కేంద్రంలో ఉందా అని ఆశా అక్కను కనుక్కోండి. వరంగల్ వైపు వాళ్లకు సీకేఎం ఆసుపత్రి, హనుమకొండలో ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి ఉన్నాయి. ఆపరేషన్ అవసరమైతే డబ్బు కట్టే ముందు ఆరోగ్యశ్రీ కింద అవుతుందా అని ఆరోగ్యమిత్రను అడగండి, రేషన్ కార్డు, ఆధార్ పట్టుకుపోండి. ఇంకో జాగ్రత్త. జారినదానికి యోని గుండా జాలీ (మెష్ అనే వల) పెడతామని ఎవరైనా అంటే ఆలోచించండి. జాలీ వల్ల నొప్పులు, పుండ్లు వచ్చిన వాళ్లు ఎక్కువై, అమెరికాలో 2019 ఏప్రిల్‌లో వాటి అమ్మకమే ఆపించారు.

---

తంగేడు | సెప్టెంబర్ 14, రాత్రి 10:30

ఆలస్యానికి ఏమనుకోకండి. అత్తమ్మను ఒప్పించడానికే పన్నెండు రోజులు పట్టింది. "నాట్లు కానీ" అన్నది, "కలుపు కానీ" అన్నది. చివరికి మామయ్యకు నేనే చెప్పా. ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. పొద్దున బండి తీసి "ఎక్కు" అన్నాడు.

మూడో దశ. మానేరు అక్క అన్నట్టే పుండు ఉంది, రూపాయి బిళ్లంత. క్యాన్సర్ కాదని పరీక్ష చేసి చెప్పారు. షుగర్ 260 ఉంది, అది తగ్గేదాకా ఆపరేషన్ వద్దన్నారు. గుడ్డకు మందు పట్టించి లోపల పెట్టారు, రెండు వారాలకు పుండు మానింది. తర్వాత రింగు పెట్టారు. మొదటిది రెండో రోజే పొలం గట్టు మీద జారిపోయింది. అత్తమ్మ దాన్ని కొంగున కట్టుకుని ఇంటికి తెచ్చింది. ఇంకో సైజు పెట్టారు, ఇది నిలిచింది. ఇక రింగుతోనే ఉంటుందో, షుగర్ తగ్గాక ఆపరేషన్ చేయించుకుంటుందో తననే తేల్చుకోమన్నారు. చలికాలం వచ్చేసరికి చెప్తానంది.

నాకైతే రోజూ ఆరేడు సార్లు వ్యాయామం అవుతోంది, బాబు ఆకలికి హద్దు లేదు. చుక్కలు పడటం బాగా తగ్గింది. రెండో బిడ్డకు కనీసం రెండేళ్లు ఆగుదామని మేమిద్దరం అనుకున్నాం, గునుగు అక్క రాసింది చదివాకే.

మొన్న ఎదురింటి పెద్దమ్మ అత్తమ్మను "నిలబడి నాట్లు చూస్తున్నవ్, దిగవా" అని అడిగింది. అత్తమ్మ ఆమెను దొడ్లోకి పిలుచుకుపోయింది. చాలాసేపు ఇద్దరూ బయటికి రాలేదు. వచ్చాక పెద్దమ్మ నన్ను అడిగింది, ఆ ఆసుపత్రిలో ఆడ డాక్టరే చూస్తదా అని.

---

బొగ్గు బాయి | సెప్టెంబర్ 15, ఉదయం 9:05

మా అక్క పోయి అడిగింది. అమ్మ మొదట మాట్లాడలేదట, తర్వాత ఒక్కసారే ఏడ్చిందట. మీరు అనుకున్నదే. వచ్చే మంగళవారం తీసుకుపోతున్నాం. రింగు గురించి అక్క చెప్తే అమ్మ ఒకటే అడిగింది: రింగు పెట్టుకుంటే నీళ్ల బింద మోయొచ్చా అని. ఏం చెప్పమంటారు?

---

మానేరు | సెప్టెంబర్ 15, మధ్యాహ్నం 1:10

నిండు బింద వద్దని చెప్పు తమ్ముడూ. ఇంటికి నల్లా ఉంటే దానికి పైపు తగిలించి నేరుగా గాబులోకి పెట్టు, ఈ వారమే పెట్టు. తప్పనిసరైతే చిన్న చెంబులతో రెండు మూడు సార్లు తెచ్చుకోమను. మంగళవారం తిని రమ్మను, బీపీ మాత్ర వేసుకుంటే వేసుకునే రమ్మను. పాత కాగితాలన్నీ తెండి. అక్కను గదిలోకి తోడు రమ్మను, నువ్వు బయటే ఉండు, కానీ ఊరికి పోకు. బయటికి రాగానే నిన్ను వెతుకుతుంది.